భయం పోయేదాకా ఆగాలా, భయంతోనే అడుగు వేయాలా? చిన్న యూనిట్లు నడిపేవాళ్లు చెప్పండి

బాలానగర్_సీఎన్‌సీ
అందరికీ నమస్కారం. హైదరాబాద్ బాలానగర్‌లో మాది జాబ్‌వర్క్ యూనిట్, వేరే కంపెనీల డ్రాయింగ్ ప్రకారం లోహపు భాగాలు చేసిస్తాం. నాన్న ఒక్క లేత్‌తో మొదలుపెట్టారు. ఇప్పుడు కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ, వీఎంసీ మెషీన్లు కలిపి రెండు షిఫ్టులు నడుస్తున్నాయి. బాధ్యత నా చేతికి వచ్చింది. డ్రాయింగ్ ఇస్తే ఎంత టైట్ టాలరెన్స్ అయినా తీసి ఇవ్వగలం, అందులో నాకు బెరుకు లేదు. బెరుకంతా మనుషులతో మాట్లాడే దగ్గరే.

నా ముందు మూడు పనులున్నాయి. మా పనిలో 70 శాతం ఒకే కస్టమర్‌ది, డబ్బులు 90 రోజులకు గానీ రావు. త్వరగా ఇవ్వమని అడగాలి. రెండోది, నాన్న కాలం నుంచీ ఉన్న మా ఫోర్‌మన్. చేతి పనిలో ఆయనకు సాటి లేరు, కానీ కుర్రాళ్ల మీద అరుస్తారు. పని నేర్చుకున్న పిల్లలు పక్క యూనిట్లకు వెళ్లిపోతున్నారు. ఆయన్ని చిన్నప్పటి నుంచి నేను 'మామా' అని పిలుస్తా. మూడోది, ఆదిభట్ల వైపు వస్తున్న ఏరోస్పేస్ పనికి వెళ్లాలని ఉంది. దానికి ఏఎస్9100 అనే ఏరోస్పేస్ క్వాలిటీ సర్టిఫికెట్ కావాలి, కొత్త మెషీన్‌కు లోన్ కావాలి.

మూడూ తలుచుకుంటే రాత్రి నిద్ర పట్టట్లేదు. ధైర్యం వచ్చాక చేయాలా, లేక భయపడుతూనే చేసేయాలా? పెద్దగా వ్యాపారం నడిపినవాళ్లు దీన్ని ఎలా దాటారు?

భీమవరం_మేత
మీ మొదటి నొప్పి నాకు బాగా తెలుసండి. మాది రొయ్యల మేత డీలర్‌షిప్పు, వ్యాపారమంతా అరువు మీదే. చెరువులో సీడ్ వదిలిన దగ్గర నుంచి పట్టుబడి దాకా మేత మేమిస్తాం, సరుకు అమ్మాక రైతు డబ్బులిస్తాడు. మధ్యలో రొయ్యలకు వైట్ స్పాట్ వైరస్ వచ్చిందంటే రైతుతో పాటు మేమూ మునిగినట్టే.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకెళ్లింది గుర్తుందా. చెరువుల్లో రొయ్య ఉంది, రేటు మాత్రం ఎవరూ గట్టిగా చెప్పట్లేదు. అప్పుడు పట్టిన భయం మామూలుది కాదండి. కానీ ఆ భయమే నన్ను పుస్తకం తీయించింది. ఎవరి దగ్గర ఎంత ఉందో పేరు పేరునా రాస్తే, మొత్తం బాకీలో సగానికి పైగా నలుగురైదుగురి దగ్గరే ఉందని తేలింది. అందరూ ఊళ్లో పెద్దవాళ్లు, ఒకరింటి పెళ్లికి ఒకరు వెళ్లేవాళ్లం. అందుకే అడగడానికి నోరు రాలేదన్నమాట.

వాళ్లిళ్లకు వెళ్లి 'ఈ పంట వరకూ ఇంతే, ఆపైన మేత నగదుకే' అని చెప్పాను. ఒకాయన వేరే డీలర్ దగ్గరకు వెళ్లిపోయారు. మిగతావాళ్లు ఉన్నారు. అందులో ఒకాయన 'ఈ మాట ముందే చెప్తే నేను కూడా రెండు చెరువులు ఖాళీగా ఉంచేవాణ్ని కదా' అన్నారు. నేను వాళ్లకు ఇబ్బంది అవుతుందనుకున్నది వాళ్లకు కావాల్సిన సమాచారం. ఏ పేరు తలుచుకుంటే గుండె దడదడలాడుతుందో, సొమ్ము ఆ పేరు దగ్గరే ఇరుక్కుని ఉంటుంది. అక్కడి నుంచే మొదలుపెట్టండి.

నిదానం
నేను కొంచెం అడ్డం మాట్లాడతాను. ఎక్కడ చూసినా 'భయాన్ని జయించు, రిస్క్ తీసుకో' అనే స్పీచ్‌లే. మా బంధువొకాయన అలాంటివి నమ్మి, బాగా నడుస్తున్న ఒక్క హోటల్‌ని మూడు చేశాడు, ఇల్లు తాకట్టు పెట్టి. భార్య భయమేస్తోందంటే నీకు ముందుచూపు లేదన్నాడు. ఇప్పుడు హోటళ్లూ లేవు, ఇల్లూ లేదు. ఆవిడ భయం నూటికి నూరు పాళ్లు నిజమైన లెక్క.

భయం వేసిన ప్రతి పనీ మంచిదే అనుకోకండి. మీ మూడింటిలో మొదటి రెండూ మాట్లాడే పనులు, మూడోది అప్పు. ఒకే గాటన కట్టొద్దు.

సైకాలజీ_వరంగల్
నిదానం గారు చెప్పింది చాలా ముఖ్యం. నేను కాలేజీలో ఈ సబ్జెక్టు చెప్తాను, నాకు తెలిసింది రాస్తా.

1908లో యర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు ఎలుకలతో ఒక ప్రయోగం చేశారు. సరైన పెట్టెను ఎంచుకోవడం నేర్పుతూ, తప్పు పెట్టెలోకి వెళ్తే చిన్న కరెంటు షాక్ ఇచ్చేవారు. రెండు పెట్టెలకూ తేడా సులువుగా తెలిసేటప్పుడు షాక్ పెరిగినకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. తేడా కనిపెట్టడం కష్టమైనప్పుడు మాత్రం మధ్యస్థంగా ఉన్న షాక్ దగ్గరే బాగా నేర్చుకున్నాయి, అంతకు మించితే తడబడ్డాయి. మనుషుల విషయంలో దీన్ని అక్షరాలా వర్తింపజేయలేం. కానీ ఒకటి మనకూ అనుభవమే: భయంతో చెమట పడుతున్నప్పుడు రోజూ చేసే పని చేసేయగలం, చిక్కు నిర్ణయం తీసుకోలేం. కాబట్టి బాలానగర్ తమ్ముడూ, లోన్ గురించి రాత్రి రెండింటికి మంచం మీద నిర్ణయించకు.

ఇంకోటి. భయపడే పనిని వాయిదా వేయగానే హాయిగా ఉంటుంది. ఆ హాయే సమస్య. తప్పించుకున్నందుకు మనసుకు బహుమానం దొరికింది కాబట్టి, రేపు తప్పించుకోవడం ఇంకా సులువవుతుంది, భయం ఇంకాస్త పెద్దదవుతుంది. జోసెఫ్ వోల్పె అనే వైద్యుడు 1950లలో దీనికి ఒక పద్ధతి పెట్టాడు. భయాలను చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా రాసుకుని, కిందిమెట్టు అలవాటయ్యాకే పైమెట్టు ఎక్కడం. మన ఊళ్లలో నడుముకు బెండు కట్టి బావిలో దింపి ఈత నేర్పేవారు, అలాగన్నమాట. నీ విషయంలో పెద్ద కస్టమర్‌తో మొదలుపెట్టక్కర్లేదు. బాకీ ఆలస్యం చేసే చిన్న కస్టమర్‌ని ముందు అడుగు. వాళ్లు పోయినా యూనిట్ ఆగదు, అడగడం మాత్రం అలవాటవుతుంది.

బాలానగర్_సీఎన్‌సీ
సర్, చిన్నవాళ్లను అడగొచ్చన్న ఆలోచనే రాలేదు నాకు. థాంక్స్. అడిగేటప్పుడు గొంతు వణుకుతుంది, దానికేమైనా ఉందా?

సైకాలజీ_వరంగల్
'టెన్షన్ పడొద్దు' అని నీకు నువ్వు చెప్పుకోకు, పని చేయదు. హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన పరిశోధనలో, ప్రసంగం లాంటి వాటికి ముందు 'నేను ప్రశాంతంగా ఉన్నాను' అనుకున్నవాళ్ల కంటే 'నాకు ఉత్సాహంగా ఉంది' అని పైకి అన్నవాళ్లు బాగా చేశారు. గుండె వేగం రెండింటిలోనూ ఒకటే. దాన్ని తగ్గించే ప్రయత్నం మానేసి వాడుకోవడమే.

పచ్చళ్లు_గుంటూరు
భయం మన మనసులోనే పుడుతుందన్నట్టు రాస్తున్నారు. ఆడవాళ్లకు అది చాలాసార్లు బల్లకు అవతల కుర్చీలో కూర్చుని ఉంటుంది. వర్కింగ్ క్యాపిటల్ కోసం బ్యాంకుకి వెళ్తే 'మీ వారిని తీసుకురండమ్మా' అన్నారు. లైసెన్సు నా పేరు మీద, జీఎస్టీ నా పేరు మీద, మిరప యార్డులో రేటు మాట్లాడేదీ నేనే. అయినా ఆ మాట విన్నాక మళ్లీ ఆ మెట్లెక్కాలంటే కాళ్లు రాలేదు.

ఆ కాళ్లు కదిలింది ధైర్యం వచ్చి కాదు, కాగితం చేతిలో ఉండి. సీజీటీఎంఎస్‌ఈ అని చిన్న పరిశ్రమలకు తాకట్టు లేకుండా లోన్‌కు గ్యారంటీ ఇచ్చే పథకం ఉందని ఒక అకౌంటెంట్ చెప్పారు. ఏడాది జీఎస్టీ రిటర్నులు, ఏ నెలలో ఎంత మిరప కొంటాం, ఎన్ని నెలలు స్టాకు ఉంచాలి, డబ్బు ఎప్పుడు తిరిగొస్తుంది, అన్నీ రాసి తీసుకెళ్లాను. బ్యాంకులో ఆయన మళ్లీ 'మీ వారు' అనబోతే 'సార్, ఈ పేజీలో ఏదైనా తప్పుంటే చెప్పండి' అన్నాను. అక్కడి నుంచి మాట లెక్కల మీదికి మళ్లింది. లోన్ వచ్చింది, అడిగినంత కాదు గానీ వచ్చింది.

బాలానగర్ బాబూ, మీరు కూడా ఒట్టి చేతులతో వెళ్లకండి. అందరికీ భయాలు సమానంగా పంచలేదు ఈ లోకం. 'కంఫర్ట్ జోన్ దాటండి' అని చెప్పేవాళ్లు ముందు ఆ జోన్ ఎవరికి ఉందో అడగాలి.

మాజీ_బ్యాంకు_ఆఫీసర్
పచ్చళ్లు గుంటూరు గారూ, మీకు ఎదురైనది మా వృత్తికి సిగ్గుచేటు. మీరు చేసిన పద్ధతి మాత్రం నేను అందరికీ చెప్పేదే.

బాలానగర్ యూనిట్ లెక్క వేద్దాం. నెలకు ఆ కస్టమర్‌కు 20 లక్షల బిల్లు అనుకుందాం. 90 రోజులంటే 60 లక్షలు వాళ్ల దగ్గర ఎప్పుడూ నిలిచి ఉంటాయి. చట్టం ప్రకారం 45 రోజుల్లో వస్తే 30 లక్షలే. అంటే అదనంగా 30 లక్షలు మీరు వాళ్లకు అప్పిచ్చారు. మీ సీసీ (క్యాష్ క్రెడిట్) లోన్ మీద వడ్డీ 11 శాతం అయితే ఏడాదికి 3 లక్షల 30 వేలు మీ జేబులోంచి పోతోంది. మీ అసలు అంకెలు వేసుకోండి. ఈ అంకె మీ పేరుతో కనపడ్డాక భయం ఆకారం మారుతుంది.

ఇప్పుడు చట్టం. 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ (చిన్న పరిశ్రమల) చట్టం కింద రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలవారీ చక్రవడ్డీ. అయినా సప్లయర్లు ఫిర్యాదుకు వెళ్లరు, ఆర్డర్ పోతుందని. అందుకే నాకు ఎక్కువ ఉపయోగంగా కనిపించేది 1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 43బి(హెచ్)గా తెచ్చిన నిబంధన. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, సూక్ష్మ, చిన్న ఉత్పత్తి యూనిట్లకు గడువులోగా డబ్బు ఇవ్వకపోతే, నిజంగా ఇచ్చిన సంవత్సరం దాకా కొన్నవాళ్లు ఆ ఖర్చును లాభంలోంచి తగ్గించుకోలేరు. మీకు ఉద్యం (చిన్న పరిశ్రమగా ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు) రిజిస్ట్రేషన్ ఉంటే ఆ నంబరు ఇన్‌వాయిస్ మీద వేయండి. పర్చేజ్ మేనేజర్‌తో గొడవ అక్కర్లేదు, వాళ్ల ఫైనాన్స్ వాళ్లకు ఇది బాగా తెలుసు. వాళ్ల టర్నోవర్ 250 కోట్లు దాటితే ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ బిల్ డిస్కౌంటింగ్ వేదికలో నమోదు కావాలి కూడా. వాళ్లు అక్కడ మీ బిల్లును ఒప్పుకుంటే ఫైనాన్షియర్లు పోటీ పడి డిస్కౌంట్ చేస్తారు, అంటే కొంత తగ్గించుకుని డబ్బు ముందే ఇస్తారు, రేపు కస్టమర్ కట్టకపోయినా మీ మీదికి రారు.

ఇంకొక్క మాట, ఇక్కడ అందరికీ. బ్యాంకులు ఆలస్యమైన లోన్ ఖాతాలను గడుల్లో పెడతాయి: వాయిదా దాటిన మొదటి 30 రోజులు ఖాతా ఎస్‌ఎంఏ-0, 60 దాకా ఎస్‌ఎంఏ-1, 90 దాకా ఎస్‌ఎంఏ-2, ఆ తర్వాత ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. మొదటి గడిలో ఉండగా వచ్చి 'ఈ నెల కష్టంగా ఉంది' అన్నవాళ్లకు దారి చూపించడానికి మా చేతిలో చాలా ఉండేది. ఫోన్ ఎత్తడం మానేసినవాళ్లకు ఏమీ ఉండేది కాదు. ఇద్దరి వ్యాపారమూ ఒకేలా పడిపోయి ఉండేది.

శాన్‌హోసే_నుంచి
పెద్ద కంపెనీల వాళ్లు ఎలా దాటారని అడిగారు కదా. నేనుండే ఈ సిలికాన్ వ్యాలీలోనే జరిగిన ఒక సంగతి.

ఇంటెల్ మొదట మెమరీ చిప్‌ల కంపెనీ. 1980ల నడిమికి జపాన్ కంపెనీలు అదే చిప్ చవగ్గా, ఇంకా నాణ్యంగా చేసి మార్కెట్‌ను లాగేసుకున్నాయి. 1985లో ప్రెసిడెంట్ ఆండీ గ్రోవ్, సీఈఓ గోర్డన్ మూర్‌ను ఒక ప్రశ్న అడిగాడు: మనల్ని తీసేసి బోర్డు కొత్త సీఈఓను తెస్తే ఆయనేం చేస్తాడు? మూర్ వెంటనే, మెమరీలోంచి బయటపడతాడు అన్నాడు. అయితే మనమే తలుపు బయటికెళ్లి మళ్లీ లోపలికొచ్చి ఆ పని ఎందుకు చేయకూడదు అన్నాడు గ్రోవ్.

దీన్ని అందరూ ఒక్క క్షణంలో మెరిసిన ధైర్యంలా చెబుతారు. నాకు అంతకంటే తర్వాతి భాగం ముఖ్యం. ఆ మాట అనుకున్నాక కూడా దాన్ని లోపలివాళ్లకు నోరారా చెప్పడానికి గ్రోవ్ చాలా ఇబ్బంది పడ్డాడు. అమలు చేయడానికి చాలాకాలం పట్టింది. ఫ్యాక్టరీలు మూశారు, వేలమందిని తీసేశారు, 1986లో 17 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. తీరా కస్టమర్లకు చెప్తే వాళ్లు పెద్దగా ఆశ్చర్యపోలేదు, ఇంత ఆలస్యం చేశారేం అన్నవాళ్లూ ఉన్నారు. భీమవరం గారి రైతు అన్న మాట చదవగానే ఇదే గుర్తొచ్చింది. పైన కూర్చున్నవాళ్లు దాచుకుంటున్న సంగతి చుట్టూ ఉన్నవాళ్లకు ముందే తెలిసి ఉంటుంది.

నిదానం
ఇంటెల్‌కి అంత నష్టం తట్టుకునే వెన్ను ఉంది. బాలానగర్ యూనిట్‌కి లేదు. ఆ తేడా మర్చిపోకండి.

శాన్‌హోసే_నుంచి
నిజమే, నష్టం భరించే శక్తి గురించి మీతో ఏకీభవిస్తాను. 'నా కుర్చీలో కొత్తవాడు వస్తే ఏం చేస్తాడు' అని అడుక్కోవడానికి మాత్రం పైసా ఖర్చు కాదండి.

ఫార్మా_క్వాలిటీ
నేను హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా ప్లాంట్లలో క్వాలిటీలో ఉన్నాను. అందరూ కస్టమర్ గురించి, లోన్ గురించి రాశారు, ఫోర్‌మన్ సంగతి వదిలేశారు. నా దృష్టిలో అసలు పని అదే.

మా ప్లాంట్లకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీ వస్తుంది. లోపాలు కనిపిస్తే ఫారం 483 చేతికిచ్చి వెళ్తారు, 15 పని దినాల్లో జవాబివ్వాలి. నేను చూసినంతలో లోపం ఉండటం వల్ల కంటే లోపం దాచడం వల్ల పెద్ద దెబ్బలు తగులుతాయి. ఒక టెస్ట్ ఫెయిలైంది, సూపర్‌వైజర్ అరుస్తాడని అనలిస్ట్ దాన్ని పక్కన పెట్టి మళ్లీ చేశాడు. అంతే, అది డేటా ఇంటెగ్రిటీ సమస్య, అంటే రికార్డులనే నమ్మలేని పరిస్థితి. ఒక బ్యాచ్‌తో పోయేది ప్లాంట్ మీదికి వస్తుంది.

హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆస్పత్రుల్లో నర్సింగ్ టీముల్ని పరిశీలించింది. మంచి టీముల్లో మందుల పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే, ఎక్కువ నమోదయ్యాయి. చూడగా, అక్కడ పొరపాట్లు ఎక్కువ జరగడం వల్ల కాదు, భయం లేకుండా చెప్పడం వల్ల. తప్పు కనపడకపోవడం వేరు, లేకపోవడం వేరు.

ఇప్పుడు మీ షాపుకి రండి. మామ అరుస్తాడని కుర్రాడు సైజు తప్పిన పీస్‌ని స్క్రాప్ డబ్బాలో అడుక్కి తోసేస్తాడు. లేదా ఇంకా ఘోరం, మంచి వాటిలో కలిపేస్తాడు. మామూలు జాబ్‌వర్క్‌లో రిజెక్షన్ వస్తుంది, సరిపోతుంది. ఏరోస్పేస్‌లో ప్రతి పీస్‌కీ జాడ ఉండాలి, సైజు తప్పినదాన్ని నమోదు చేసి పక్కన పెట్టాలి. ఏఎస్9100 ఆడిట్‌లో వాళ్లు మీ కుర్రాణ్ణే పిలిచి 'పీస్ పాడైతే ఏం చేస్తావు' అని అడుగుతారు. ఆ జవాబు నిజాయితీగా రాని షాప్‌కు కొత్త మెషీన్ ఎందుకు? మీ రెండో పని అయితే గానీ మూడోది కాదు. లోన్ తర్వాత, ముందు మామ.

ఇంకోటి చెప్పకుండా ఉండలేను. 2009 జనవరి 7 మన హైదరాబాద్ వాళ్లెవరికీ మరపురాదు. సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రాసిన లేఖలో, లేని నగదు 5,040 కోట్లు ఖాతాల్లో చూపించామని ఉంది. మొదట చిన్నగా ఉన్న తేడా ఏళ్ల తరబడి పెరిగిందనీ, పులి మీద స్వారీలా, దిగితే తినేస్తుందేమో అన్నట్టుగా అయిందనీ ఆయనే రాశారు. అప్పుడు నా స్నేహితులు చాలామంది అక్కడ పనిచేసేవారు, ఆ సంక్రాంతి వాళ్లిళ్లలో ఎలా గడిచిందో నాకు తెలుసు. చేదు అంకెను చిన్నగా ఉన్నప్పుడే పైకి చెప్పగలగడం నాయకుడికి అన్నిటికంటే పెద్ద నైపుణ్యమని నేను అప్పటి నుంచే నమ్ముతున్నాను. అది యజమాని చెప్పకపోతే కిందివాళ్లు అసలు చెప్పరు.

బాలానగర్_సీఎన్‌సీ
అందరి పోస్టులూ మళ్లీ మళ్లీ చదివాను. ఇప్పటిదాకా జరిగింది చెప్తా.

వరంగల్ సర్ చెప్పినట్టు ముందు ఇద్దరు చిన్న కస్టమర్లను అడిగాను. ఒకరు వెంటనే పాత బిల్లులు క్లియర్ చేశారు, ఇంకొకరు సాగదీస్తున్నారు. తర్వాత పెద్ద కస్టమర్ ఫైనాన్స్ హెడ్‌ను కలిశాను, ఉద్యం సర్టిఫికెట్, వడ్డీ లెక్క ఒక పేజీలో పెట్టుకుని. గొంతు వణికింది, అయినా ఆపలేదు. ఆయన కోప్పడలేదు. మీరు చిన్న యూనిట్ కింద వస్తారని మా సిస్టమ్‌లో మార్క్ అయి లేదు అన్నారు. కొత్త బిల్లులకు 45 రోజులు ఒప్పుకున్నారు. పాతవి విడతలుగా ఇస్తామన్నారు, అవి ఇంకా రాలేదు. ఆర్డర్లు తగ్గుతాయా అన్న టెన్షన్ అలాగే ఉంది, అందుకే వేరే ఇద్దరికి కొటేషన్లు పంపాను.

మామ సంగతే తేలట్లేదు. పదిమంది ముందు మాట్లాడితే ఆయన పరువు పోతుంది.

భీమవరం_మేత
వాళ్లింటికి వెళ్లండి బాబూ. షాపులో వద్దు, మీ క్యాబిన్‌లో అసలొద్దు. అత్తయ్య ఉన్నప్పుడు వెళ్లి కాఫీ తాగి, ఆయన చేతికింద నేర్చుకుని వెళ్లిపోయిన కుర్రాళ్ల పేర్లు చెప్పండి. ఆయన మీద ఫిర్యాదులా కాదు, మనకి పోయినవాళ్ల లెక్కలా. మిమ్మల్ని ఎత్తుకుని పెంచిన మనిషి కదా, వింటారు.

పచ్చళ్లు_గుంటూరు
వినకపోతే? అది కూడా ఇప్పుడే అనుకోవాలి. మా దగ్గర పాతకాలపు వంటావిడ ఒకావిడ ఉంది. గౌరవం ఇచ్చాను, జీతం పెంచాను, మాట మారలేదు. చివరికి పిల్లల మీద అజమాయిషీ తీసేసి రుచి చూసే బాధ్యత మాత్రమే ఉంచాను. కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. మీ మామగారు కూడా అలగొచ్చు, ఆ అలక భరించడానికి సిద్ధపడి వెళ్లండి.

ఫార్మా_క్వాలిటీ
అక్క చెప్పింది కరెక్ట్. ఆయన నైపుణ్యం ఫిక్స్చర్ల (మెషీన్‌లో పీస్‌ను పట్టి ఉంచే అమరికలు) తయారీలో, ఫస్ట్ పీస్ చెకింగ్‌లో బంగారంలా పనికొస్తుంది. మనుషుల్ని నడిపే పని వేరేవాళ్లకు ఇవ్వండి. పీస్ పాడైందని వచ్చి చెప్పిన మొదటి కుర్రాడితో మీరెలా మాట్లాడతారో షాపంతా చూస్తుంది. ఆరోజు షిఫ్టులో మీరు ఉండేలా చూసుకోండి.

నిదానం
లోన్ సంగతి అడుగుతా. పని రాకపోతే మెషీన్ ఎన్ని నెలలు ఖాళీగా ఉన్నా ఈఎంఐ కట్టగలవు? ఆ అంకె రాసుకున్నావా? ఇల్లు అడుగుతున్నారా తాకట్టుకి?

బాలానగర్_సీఎన్‌సీ
అన్నా, ఆరు నెలలు కట్టగలం, అది కూడా పాత బాకీలు వస్తేనే. బ్యాంకులో ఇల్లు అడిగారు. నాన్న సరే అన్నారు, అమ్మ వద్దంటోంది.

నిదానం
అమ్మ మాట విను. ఏరోస్పేస్ ఆర్డర్ చేతికి వచ్చాక, ఇల్లు లేకుండా ఎంత ఇస్తారో అంతకే మెషీన్ చూడు. సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు.

మాజీ_బ్యాంకు_ఆఫీసర్
సీజీటీఎంఎస్‌ఈ కింద గ్యారంటీ పరిమితి 2025 ఏప్రిల్ నుంచి 10 కోట్లు. మీ మెషీన్ దాని లోపలే వస్తుంది. గ్యారంటీ ఫీజు ఏటా పడుతుంది, అది ఖర్చులో వేసుకోండి. బ్రాంచిలో ఆసక్తి చూపకపోతే అదే బ్యాంకు ఎంఎస్‌ఎంఈ ప్రాసెసింగ్ సెంటర్‌కు రాతపూర్వకంగా అప్లికేషన్ ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం అడగండి. కాదంటే కారణం కూడా కాగితం మీదే ఇమ్మనండి. ప్రాజెక్ట్ రిపోర్ట్ తయారయ్యాక అంకెలు ఇక్కడ పెట్టండి, పంపేముందు నేనొకసారి చూస్తాను.